సున్నం రాయని తాంబూలం

ఊ కొడుతూ వినండి మరి. అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఆయన నోరుందే, అది మంచి నోరు కాదు. పిల్లలెందరని ఎవరైనా అడిగితే "ఇద్దరు కొడుకులు, ఒక కొసరు" అనేవాడు. ఆ కొసరు మూడోవాడు చిత్రపాలుడు. వినీ వినీ వాడు కూడా తానింతేననుకున్నాడు.

ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడు హేమలేఖ అనే రాజకుమారిని చెరపట్టాడు. అన్నలిద్దరూ మూడో సముద్రం దగ్గరే పడవ తిప్పేశారు. చిత్రపాలుడు మాత్రం మాట్లాడే ముంగిసను భుజానెక్కించుకుని ఏడూ దాటాడు. మాంత్రికుడి ప్రాణమున్న చిలకను పట్టి పీక నులిమాడు.

"భలేవాడివయ్యా!" అంది ముంగిస.

"ఏదో కలిసొచ్చింది" అన్నాడు వాడు.

హేమలేఖను విడిపించి ఆమె రాజ్యానికి చేర్చాడు. అక్కడ ఒక ఆచారముంది. పెళ్ళాడతానని వచ్చినవాడి చేతిలో పిల్ల తమలపాకు పెడుతుంది. దానిమీద వేలితో సున్నం రాస్తే ఔనని, రాయకపోతే కాదని. అన్నలు కూడా సిగ్గులేకుండా వచ్చి నిలబడ్డారు.

పెద్దవాడికి సున్నం రాయలేదు. "సరేలే తల్లీ" అని నవ్వి, వట్టి ఆకే నములుతూ భోజనానికి వెళ్ళాడు. రెండోవాడికీ రాయలేదు. "నన్నా కాదంటావు!" అని తాంబూలం పళ్ళెం విసిరికొట్టి, పోతూ పోతూ గడ్డివాములు తగలబెట్టాడు.

చిత్రపాలుడి చేతిలో ఆకు పెట్టి, హేమలేఖ సున్నపుకాయ తెరిచింది. సున్నం ఎండి గట్టిపడింది. "ఉండండి" అని నీళ్ళకోసం లోపలికి పరిగెత్తింది.

వాడు ఉండలేదు.

"ఆగవయ్యా, నీళ్ళకెళ్ళింది!" అంది ముంగిస.

"నా మనసు నొప్పించలేక అలా అంటున్నావులే."

వెనక్కి తిరిగి చూడనైనా లేదు. మాంత్రికుడికి జంకనివాడు వట్టి ఆకుకు జంకాడు. నాకైతే వాడికి రెండు తగిలించాలనిపిస్తుంది, ఆ తండ్రికి నాలుగు.

హేమలేఖ మూడుసార్లు కబురు పంపింది. "ప్రాణం కాపాడానని మొహమాటపడుతోంది" అని మూడుసార్లూ తిప్పిపంపాడు. ఆమె ఏడ్చింది. ఇక ఏడవనని లేచింది. మరుసటేడు మరొకరి ఆకుకు సున్నం రాసి, పెళ్ళాడి, చల్లగా చాలాకాలం ఏలింది.

చిత్రపాలుడూ చాలాకాలమే బతికాడు. జుట్టు నెరిసినా కనబడినవాళ్ళందరితో ఒకటే మాట: "ఆమె నన్ను కాదంటుందని నాకు ముందే తెలుసు."