వద్దనడం మానేసిన పిల్ల

విజయనగరంలో త్రిపురసుందరి అనే ఆవిడ ఉండేది. మనసు మంచిదే కానీ, నలుగురూ మెచ్చుకోని రోజు ఆవిడకు అన్నం సహించేది కాదు. భర్త జోగారావు బియ్యం మిల్లులో గుమాస్తా. వాళ్లకు పిల్లల్లేరు. అయినవాళ్లు లేని పిల్లల్ని పెంచడానికి ప్రభుత్వం వాళ్లు నమ్మకమైన ఇళ్లకు అప్పగిస్తారని విని, ఇద్దరూ వెళ్లి ఎనిమిదేళ్ల పైడితల్లిని తెచ్చుకున్నారు. ఇంట్లో పైడి అని పిలిచేవారు.

పైడి అప్పటికే రెండు ఇళ్లు మారిన పిల్ల. పెట్టింది తినేది. తన జడ తనే వేసుకునేది. ఏడ్చేది కాదు, ఏదీ అడిగేది కాదు. త్రిపురసుందరిని "పిన్నిగారూ" అనేది.

"ఇంత బుద్ధిమంతురాలిని ఎక్కడ పట్టావే సుందరీ? మా వెధవల్ని కూడా నీ దగ్గర ఓ నెల పడేస్తాను" అనేది పక్కింటి సత్యవతి. ఆ మాటతో త్రిపురసుందరికి కడుపు నిండిపోయేది.

అలాంటి పిల్లల మనసు కుదుటపడటానికి వారానికోసారి కౌన్సెలింగ్ ఉండేది. దమయంతి అనే ఆవిడ చేసేది. ఆవిడ గదిలో బంకమట్టి, బొమ్మలు, చెక్కతో చేసిన చిన్న బొమ్మరిల్లు ఉండేవి. పైడి చాలా వారాలు ఆ బొమ్మరింటి తలుపు మూసి, దాని ముందు ఊరికే కూర్చుని వచ్చేసేది. చివరికి ఒకనాడు తలుపు తీసి, లోపలున్న పిల్లబొమ్మ చేత "నాకిక్కడ భయం" అనిపించింది.

ఆ తర్వాత ఇంట్లో కూడా మాట బయటికి రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం కాకరకాయ వేపుడు కంచంలో పక్కకు తోసి, "నాకొద్దు పిన్నీ, చేదు" అంది. 'గారు' ఎటుపోయిందో పోయింది.

జోగారావు నవ్వాడు. "నాకూ వద్దే. ఇన్నేళ్లూ మీ పిన్నికి భయపడి తింటున్నా" అన్నాడు.

త్రిపురసుందరి నవ్వలేదు. వెళ్లి దమయంతికి ఫిర్యాదు చేసింది. దమయంతి మాత్రం సంతోషించింది.

"వద్దు అందా? మంచి కబురు చెప్పారండీ. వద్దన్నా తనను ఉంచుకుంటారా లేదా అని చూస్తోంది. ఉంచుకుంటారని నమ్మకం కుదిరితే మిగతావన్నీ చెబుతుంది."

శ్రావణమాసం వచ్చింది. త్రిపురసుందరి ఇంట్లో పేరంటం. అందరికీ చూపించడానికి పైడికి పట్టు పరికిణీ కట్టింది. వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ పైడిని ఒళ్లోకి లాక్కుని, "మీ అమ్మ ఎలా పోయిందే? నువ్వు దగ్గరే ఉన్నావా?" అని అడిగింది.

పైడి చెయ్యి విడిపించుకుంది. "మీకెందుకు?" అంది.

అందరి తలలూ పైడి వైపు తిరిగాయి. తల్లి పోయిన పిల్లని తాంబూలాల మధ్య కూర్చోబెట్టి అడిగే ప్రశ్నేనా అది? అడిగిన నోరు అక్కడ ఒక్కరికీ తప్పుగా కనిపించలేదు. జవాబు చెప్పిన నోరే కనిపించింది.

"బాగానే నోరొచ్చిందే నీ బుద్ధిమంతురాలికి" అంది సత్యవతి, శనగలు మూట కట్టుకుంటూ.

అందరూ వెళ్లాక త్రిపురసుందరి పైడిని నిలబెట్టి, "ఇంకోసారి గోల చేశావంటే తెచ్చినచోటే దింపేసి వస్తాను" అంది. నిజంగా దింపే ఉద్దేశం ఆవిడకు లేదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. పైడికి ఎలా తెలుస్తుంది?

మరుసటి వారం నుంచి కౌన్సెలింగ్ మాన్పించింది. దమయంతి ఇంటికి వచ్చి బతిమాలింది.

"పిల్ల ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోందండీ. ఇప్పుడు ఆపకండి."

"విప్పింది, విన్నాం. వీధి వీధంతా విన్నది. చాల్లెండి" అంది త్రిపురసుందరి.

"పోనీ పంపిద్దామే" అన్నాడు జోగారావు. భార్య చూసిన చూపుకి పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పైడి మళ్లీ "పిన్నిగారూ" అనడం మొదలుపెట్టింది. కాకరకాయ వేపుడు కంచం తుడిచినట్టు తినేసేది. సత్యవతి మెచ్చుకోలు తిరిగొచ్చింది. త్రిపురసుందరికి మళ్లీ అన్నం సహించింది.

చలికాలం నాటికి పైడి వెనకనుంచి పిలిస్తే పలకడం మానేసింది. "పొగరు ఇంకా లోపలే ఉందన్నమాట" అనుకుంది త్రిపురసుందరి. పూజగదిలో ఒత్తుల దూది ఎందుకు తరిగిపోతోందో కూడా ఆవిడకు అర్థం కాలేదు.

ఒక ఉదయం త్రిపురసుందరి ఉతకడానికి పైడి దిండు గలీబు తీసింది. లోపలినుంచి దూది ఉండలు రాలాయి. పసుపుపచ్చగా, గట్టిగా, వాసనేస్తూ ఉన్నాయి. పిల్లని పిలిచి జడ పక్కకు తీసి చూసింది. ఎడమ చెవిలో ఇంకో ఉండ ఉంది. చీముతో తడిసిపోయి ఉంది.

డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. "ఎప్పట్నుంచి నొప్పమ్మా?" అని అడిగాడు.

"వానలప్పట్నుంచి" అంది పైడి.

"కర్ణభేరి చాలావరకు పోయిందండీ" అన్నాడాయన త్రిపురసుందరితో. "మొదట్లోనే తీసుకొస్తే మందుతో తగ్గేది. ఇప్పుడు ఆపరేషన్ చేసినా ఈ చెవి మునుపటిలా వినిపించదు."

త్రిపురసుందరి బల్లమీద కూలబడి, "ఇంత నొప్పి పెట్టుకుని ఒక్క మాట చెప్పలేదేమే తల్లీ?" అంది.

పైడి ఆ మాట వినడానికి కుడి చెవి ఇటు తిప్పింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"గోల చేస్తే దింపేస్తానన్నారు కదా పిన్నిగారూ."

త్రిపురసుందరి ఆ సాయంత్రమే దమయంతి దగ్గరికి పరుగెత్తింది. మళ్లీ కౌన్సెలింగ్ మొదలైంది. పైడి బొమ్మరింటి తలుపు మూసి, దాని ముందు కూర్చుంది. "ఈసారి ఎక్కువ కాలం పడుతుందండీ. ఒకసారి తెరిచి, భయపడి మూసుకున్న తలుపు కదా" అంది దమయంతి.

ఇప్పుడు త్రిపురసుందరికి వీధివాళ్ల మెప్పు అక్కర్లేదు. ఒక్క మాట కావాలి. ఆ మాట కోసమే అప్పుడప్పుడు కాకరకాయ వేపుడు చేసేది. ఉప్పు రాయకుండా, చేదు పిండకుండా చేసేది. కంచంలో వేసి, పిల్ల కుడిపక్కన కూర్చుని, "చేదుగా ఉందా అమ్మా? వద్దంటే తీసేస్తాను. ఏమీ అనను" అనేది.

"బాగుంది పిన్నిగారూ" అనేది పైడి. మొత్తం తినేసేది.

వద్దని చెప్పడానికి భయపడే పిల్ల, నొప్పి అని చెప్పడానికీ భయపడుతుంది. కాబట్టి పిల్లల నోరు మూయించి, దాన్ని మంచి బుద్ధి అని మెచ్చుకోకూడదు.