జోగిరాజుగారి ఆటోమేటిక్ బండి

దొరలు పోయినా దొరతనం పోని ఒక ఊళ్లో జోగిరాజుగారు ఆటోమేటిక్ గేర్ల పికప్పు కొన్నారు. దాన్నిండా బెల్లం దిమ్మలు ఎత్తించి, డ్రైవరు పైడయ్య పక్కన కూర్చుని ఘాట్‌రోడ్డెక్కారు. సగం కొండకే మాడు వాసన గుప్పుమంది.

"గేరాయిల్ కాగిపోతోంది దొరా. బండి ఆపి, న్యూట్రల్లో పెట్టి కాసేపు చల్లారనిద్దాం."

"గేర్లు అదే మార్చుకునే బండి మీద నీకు జాలేమిట్రా? ఆపావో, నీ ఉద్యోగం ఊడినట్టే!"

ఇంట్లో పొయ్యి గుర్తొచ్చి పైడయ్య బుద్ధిగా తలూపాడు. "నేనాపను దొరా. అదే ఆగిపోతే మాత్రం ఒకరు స్టీరింగు పట్టాలి, ఒకరు దిగి తొయ్యాలి. తమరికి స్టీరింగు పట్టడం రాదు కదా!"

జోగిరాజుగారు ముందున్న ఎత్తు చూశారు. తన పొట్ట చూసుకున్నారు.

"పాపం, ఎంతసేపని లాగుతుందిరా అది! ఆపు, ఆపు!"