నోరు మూసుకున్న తూటా

అనగనగనగా, ఒక్క తుపాకి పేలితే మూడు కొండలు మారుమోగే కాలంలో, గుమ్మిడికొండ అని ఒక చిన్న సంస్థానం. దానికి భైరవరాజు దొర.

దొర దగ్గర మూడు పంపు తుపాకులున్నాయి. తాతగారు ఓడరేవులో ఒక్కసారే కొన్నవి. ముగ్గురన్నదమ్ముల్లా ఒకే పోలిక. గొట్టం కింద చెక్క పిడి ఉంటుంది. దాన్ని వెనక్కి లాగితే కాలిన తూటా బయటికి గెంతుతుంది, ముందుకి తోస్తే కొత్త తూటా లోపలికి పోతుంది. కర్ర్... చక్! ఆ చప్పుడు వింటే చాలు, అడవిపందులు చేను వదిలేసేవి.

వాటిని చూసుకునేది కమ్మరి పోలమ్మ. పని భర్త దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక ఆ పని ఆమెదే అయింది. ఏడాదికోసారి విప్పేది, తుడిచేది, నూనె రాసేది, మళ్ళీ బిగించేది. అంతకుమించి ఒక్క మేకు కూడా కదిపేది కాదు.

ఆ ఏడు ఒక చిరుతపులి ఊళ్ళ మీద పడింది. ముందు మేకలు పోయాయి. తర్వాత కట్టెలకెళ్ళిన మనిషి పోయాడు. జనం వచ్చి కోట ముందు కూర్చున్నారు.

"పులినైనా చంపండి బాబూ, మమ్మల్నైనా వేరే ఊరు పొమ్మనండి."

సరిగ్గా అప్పుడే దొర బావమరిది సూరపరాజు పట్నం నుంచి దిగాడు. వేలికో ఉంగరం, మాటకో నవ్వు. తుపాకులు చూసి పెదవి విరిచాడు.

"ఏంటి బావగారూ, ఈ నల్ల ఇనుము? దీంతో పులిని కొడతారా, పప్పు రుబ్బుతారా? ఒకటి నాకివ్వండి. అద్దంలా చేయిస్తాను."

పోలమ్మ అడ్డుపడింది. "ఆ నలుపు మురికి కాదు దొరబాబూ, ఇనుముకి చర్మం. దాన్ని గీకితే చేసినవాడి పేరూ పోతుంది."

"పేరుతో పులిని కొడతామా?" అన్నాడు సూరపరాజు. సభంతా నవ్వింది. దొర కూడా నవ్వాడు.

మొదటి తుపాకిని గీకారు, రుద్దారు, తళతళలాడించారు. రెండు రోజులకి పాత తుపాకులు కొనే షావుకారు ఒకాయన రేవు నుంచి వచ్చాడు. ఒక్కోదానికీ ఇరవై జతల ఎడ్లు ఇస్తానని కబురు పంపినవాడే. మెరిసేదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పే అక్షరాలేవి దొరా?"

"రుద్దుడికి పోయాయి."

"అయితే ఇది ఇనుప గొట్టం. రెండు మేకలిస్తాను. అదీ మీ మొహం చూసి."

దొర మొహం మాడిపోయింది. కానీ బెంగపడే తీరికేది? ఆ సాయంత్రమే పులి ఇంకో ఊళ్ళో కనబడింది.

"పొడుగు గొట్టం పొదల్లో తగులుకుంటుంది. రెండు జానలు కోయించండి బావగారూ," అన్నాడు సూరపరాజు.

పోలమ్మ మళ్ళీ అడ్డుపడింది. "కొస దగ్గర గొట్టం లోపల వెంట్రుకవాసి సన్నంగా ఉంటుంది దొరబాబూ. తూటాలోంచి వచ్చే గుళ్ళు చెదిరిపోకుండా పట్టుకునేది అదే. కోస్తే గుప్పెడు సెనగలు విసిరినట్టు పోతాయి."

వినలేదు. రెండో తుపాకి గొట్టం కోశారు. పొద్దున్నే దొర మాటు వేశాడు. ముప్ఫై గజాల దూరంలో పులి కనబడింది. పేల్చాడు. గుళ్ళు ఆకుల్లో పడ్డాయి, చెట్లకి తగిలాయి. రెండే రెండు పులి తొడలో దిగాయి. అది గాండ్రించి లోయలోకి దూకింది.

ఇంతవరకూ ఆకలేస్తే వచ్చేది. ఇప్పుడు కోపమొచ్చినా వస్తోంది. మర్నాడు పట్టపగలు డప్పు కొట్టే ఎర్రన్న మీద పడి భుజం చీల్చేసింది. వాడి పెళ్ళాం కోట గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే, లోపల ఎవరికీ ముద్ద దిగలేదు.

అప్పుడు సూరపరాజు ఒక పెట్టె తెచ్చి తెరిచాడు. నిండా ఎర్రటి కొత్త తూటాలు. పాతవాటికన్నా పొడుగు.

"ఇందులో మందు ఎక్కువ, గుళ్ళు ఎక్కువ. ఇక పులికి చావే."

మూడో తుపాకిలో ఒకటి వేసి పిడి తోశాడు. కర్ర్... చక్!

"చూశారా, పట్టింది!"

"పట్టింది, పట్టింది!" అంది సభంతా.

"తీసేయండి," అంది పోలమ్మ.

సూరపరాజు దొర వైపు తిరిగాడు. "ఈవిడ నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒకటి చెడుతోంది బావగారూ. ఈవిడ అపశకునం పలకబట్టే పులి తప్పించుకుంది."

దొర అసలే ఉడికిపోతున్నాడు. గుమ్మంలో ఏడుపు ఇంకా వినబడుతూనే ఉంది. "పోలమ్మా! చెప్పేదేదో ఒక్కసారే చెప్పు. అది అబద్ధమని తేలిందా, నీ కుడిచెయ్యి తీయిస్తాను."

పోలమ్మ తూటా తీసి ఎత్తి చూపించింది.

"దీని కొస చూడండి దొరబాబూ, లోపలికి మడిచి మూశారు. ఇది నోరు మూసుకున్న తూటా. మూసుకుంది కాబట్టి పట్టింది. పేలినప్పుడు నోరు తెరుస్తుంది. తెరిస్తే పొడుగు పెరుగుతుంది. తాతగారి తుపాకిలో తూటా కూర్చునే గది పొట్టి తూటాకి చేసింది. అక్కడ దీని నోటికి చోటు లేదు. దారి ఇరుకైతే ఆ నిప్పు పక్కకి చీలుతుంది. పక్కన ఉండేది మీ మొహం."

దొర ఆ తూటా కొసని వేలితో తడిమి చూశాడు.

"కోసేసిన తుపాకి ఉందిగా," అంది మళ్ళీ. "దాని గదీ ఇంతే. మొద్దుకి కట్టి, దూరం నుంచి తాడుతో లాగుదాం. చీలకపోతే ఇదిగో నా చెయ్యి."

కోట వెనకాల చింతమొద్దుకి తుపాకిని బిగించి కట్టారు. మీటకి పొడుగాటి తాడు వేశారు. కత్తి పట్టుకుని ఒక భటుడు పోలమ్మ పక్కన నిలబడ్డాడు.

తాడు లాగారు. ఢాం!

పొగ పోయింది. తుపాకి చెక్కుచెదరలేదు.

"ఏదమ్మా, చీలిందా?" అని సూరపరాజు పకపకా నవ్వాడు.

పోలమ్మ వెళ్ళి పిడి లాగింది. అది బరువుగా, మూలుగుతూ వచ్చింది. కాలిన తూటాని దొర చేతిలో పెట్టింది. దాని నోరు చుట్టూ చిరిగి ఉంది.

"పిడి చప్పుడు విన్నారా? ఇనుము ఓర్చుకుంది దొరబాబూ. ఒప్పుకోలేదు."

రెండో తూటా వేశారు. లాగారు. ఢాం! ఈసారీ తుపాకి నిలబడింది. పిడి మాత్రం రాలేదు. పోలమ్మ చెక్కసుత్తితో మూడు దెబ్బలు కొడితే కదిలింది.

"చాలు," అన్నాడు దొర. "చెయ్యి చాచు పోలమ్మా."

పోలమ్మ చెయ్యి చాచింది. భటుడు కత్తి ఎత్తాడు. ఈలోపు సూరపరాజు మంచి ఊపు మీదున్నాడేమో, మొద్దు దగ్గరికి నడిచి కట్లు విప్పబోయాడు.

"మూడో తూటా నా భుజాన పెట్టి పేలుస్తాను. అందరూ చూస్తారు!"

అప్పటికే తూటా వేసి పిడి తోసేశాడు. పోలమ్మ చాచిన చేతిని భటుడి ముందు నుంచి లాక్కుని పరిగెత్తింది. సూరపరాజు చొక్కా పట్టుకుని వెనక్కి ఈడ్చింది.

"బాబూ, నీకు దండం పెడతాను, దాన్ని ముట్టకు! నా చెయ్యి పోతే చెయ్యే పోతుంది. నీకు తల పోతుంది!"

దొర ఆమెని చూశాడు. చెయ్యి పోగొట్టుకోబోయే మనిషి, తన మీద పితూరీలు చెప్పినవాడి తల కోసం ఏడుస్తోంది. అబద్ధమాడే మనిషి ఇలా పరిగెత్తుతుందా?

"సూరప్పా, ఇవతలికి రా. తాడుతోనే లాగండి."

లాగారు.

ఈసారి ఢాం అనలేదు. ఫెళ్ళుమంది. గొట్టం అరటితొక్కలా విచ్చుకుంది. సూరపరాజు దవడ ఆనించబోయిన చోట ఒక ఇనుపముక్క చింతమొద్దులోకి బెత్తెడు లోతు దిగింది. సూరపరాజు తన బుగ్గ తడుముకుని అక్కడే నేల మీద కూర్చున్నాడు.

దొర భటుడి చేతిలో కత్తి లాక్కుని అవతల పారేశాడు. "పోలమ్మా, ఇప్పుడేం చెయ్యమంటావు?"

"మూడో తుపాకిని ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్ళండి. పాత కొలత తూటాలు నేను నింపి పెట్టాను."

"అది భుజానికి తన్నుతుంది. ఆ భయంతో మొన్న నా గురి కూడా కొంత తప్పింది," అన్నాడు దొర, సిగ్గుపడుతూ.

పోలమ్మ మేకతోలు సంచీలో దూది కుక్కి, భుజానికి ఆనే తుపాకి మడమకి తొడిగి, తాడుతో ముడేసింది.

"ఇది మాత్రం మార్చడం కాదా?" అని గొణిగాడు సూరపరాజు, కింద కూర్చునే.

"మార్చడమే బాబూ. ముడి విప్పితే ఊడి వచ్చేస్తుంది. మీరు గీకిన అక్షరాలు రమ్మనండి, మీరు కోసిన కొస రమ్మనండి."

ఆ మధ్యాహ్నమే వాగు ఒడ్డున పులి ఎదురైంది. కుంటుతూ వచ్చి, కుంటడం మానేసి దూకింది. కర్ర్... చక్! మొదటి దెబ్బకి గాల్లోనే మెలి తిరిగింది. కర్ర్... చక్! రెండో దెబ్బకి దొర పాదాలకి బారెడు దూరంలో పడింది. మూడో తూటా తుపాకిలోనే ఉండిపోయింది.

గుమ్మిడికొండ జనం ఆ రోజు చీకటి పడేదాకా వాకిళ్ళలో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు, చాలా రోజుల తర్వాత.

కాబట్టి పిల్లలూ, తీసేస్తే మళ్ళీ పెట్టలేనిదాని మీద చెయ్యి వేసేముందు, అది అక్కడ ఎందుకుందో తెలిసినవాళ్ళని అడగాలి, వాళ్ళు చెప్పింది వినాలి.