దారి వదలమన్న హారన్

మోటార్లు కొత్తగా దిగుతున్న రోజులవి. విలాయతీ మోటారు పత్రికల్లో బొమ్మలు చూసి మనసుపడి, నరసరాయుడనే జమీందారు ఓ కారు తెప్పించాడు. హారన్ మోగితే అందరూ దారి వదిలి దూరంగా పోవాలని దండోరా వేయించాడు. మొదటి రోజే దారి వదలబోయి అంకమ్మ అనే రైతు గడ్డిబండి గుంటలో పడింది.

ఓసారి కారు వాగు ఇసుకలో కూరుకుపోయింది. నీళ్లు పెరుగుతున్నాయి. జమీందారు సాయం కోసం హారన్ నొక్కాడు. గట్టుమీద వస్తున్న అంకమ్మ వెంటనే బండి వెనక్కి తిప్పింది.

“ఎక్కడికే పోతున్నావు?”

“హారన్ మోగింది కదా దొరా! తమరి ఆజ్ఞ ప్రకారం దూరంగా పోతున్నా.”

“ఆ ఆజ్ఞ రద్దు చేశాను తల్లీ, రక్షించు!”

అంకమ్మ ఎద్దులు కట్టి కారును లాగించింది.

ఆ తర్వాత గడ్డిబండి ఎదురైతే జమీందారే కారు పక్కకు తీసేవాడు. “ముందు నీ ఎద్దుల్ని పోనీ తల్లీ! వాటి చలవవల్లే నేనింకా ఈ దారిన తిరుగుతున్నాను.”