దండపాణి పడవకి మొలిచిన గడ్డం

మీరేం చూశారో ముందు చెప్పండి! రేవులోకి ఓడ వస్తుంటే మీ కళ్ళు ఎటు పోతాయి? జెండా చూస్తారు, తెరచాప చూస్తారు. అంతేగా! మొగలిరేవు జనమూ అంతే చూశారు. నీళ్ళ కింద ఏముందో ఆలోచించింది ఒక్క అచ్చమ్మే.

అచ్చమ్మ కేతరాజు కోటలో చేపల తొట్లు కడిగే మనిషి. రాజుకి రంగు చేపలంటే ప్రాణం. అయితే ఎవడో పైదేశం నుంచి తెచ్చిన నీటి మొక్క ఒకటి ఊరి చెరువంతా అల్లుకుని, పొలాలకి నీళ్ళు పోనీకుండా ఒక పంట పంటంతా ఎండగొట్టింది. ఆ కోపంలో రాజు చట్టం చేశాడు. పైదేశపు నీటి మొక్క ఏదైనా రేవులో చూపించి, నలభై రోజులు విడి తొట్లో ఉంచాకే ఇంటికి తీసుకెళ్ళాలి. నాచు మాత్రం అసలు తేకూడదు. తెస్తే కుండ పగలగొడతారు, తెచ్చినవాడు ఊరు వదలాలి.

ఆ చట్టానికి మొదట చిక్కినవాడు గాజులమ్మే సింగన్న తాత. ద్వీపం నుంచి కుండలో రెండు చేపలు, వాటికి నీడగా ఓ చిన్న మొక్క తెచ్చుకున్నాడు. తనే రేవులో చూపించాడు పాపం! రేవు అధికారి దండపాణి ఆ మొక్క కాడకి అంటిన పచ్చటి పోగొకటి పైకెత్తాడు.

“నాచు!”

మర్నాడు పొద్దున్నే సభ. రాజు మొహం వేలాడేశాడు. “చట్టం నాది. నేనే తప్పితే ఇంకెవడు పాటిస్తాడు? ఈ ముసలాయన్ని ఊళ్ళో ఉంచే న్యాయమైన దారి చూపించినవాళ్ళకి నా కంకణం ఇస్తా.”

పండితులు తలలు గోక్కున్నారు. తొట్టి పక్కనున్న అచ్చమ్మ చేతులు తుడుచుకుంది. ఆ చేతుల నిండా గాట్లే. చిన్నప్పుడు నాన్న పడవ అడుగున గుల్లలు గీకిన గుర్తులవి.

“దండపాణి అయ్యగారూ, తాతకి తెలియకుండా వచ్చిందేమో?”

“తెలియకపోతే? తెచ్చాడా లేదా?”

“ఒక్క పోగే కదండీ!”

“పోగైనా మోపైనా ఒకటే.”

“అసలది మన చెరువులో బతుకుతుందో లేదో...”

“బతుకుతుందా చస్తుందా అని చట్టం అడగదే, తొట్లు కడిగేదానా! నాచంటే నాచే. నా కళ్ళుగప్పి ఈ రేవులోకి ఒక్క పోగు రాదు!”

అచ్చమ్మ బయట ఎండ వంక చూసింది. “అయితే ప్రభూ, ఆ శిక్షేదో మధ్యాహ్నం రేవులోనే వేయించండి. ఊరంతా చూసి బుద్ధి తెచ్చుకుంటుంది.”

దండపాణి మీసం దువ్వాడు. మొన్ననే ద్వీపాలు తిరిగొచ్చిన తన పడవ అక్కడే ఉంది మరి! దూరం వెళ్ళొచ్చిన పడవని ముందు ఒడ్డుకి లాగి అడుగు గీకడం రేవు ఆచారం. ఈయనగారు రాజుకి చూపించే తొందరలో పైన రంగు వేయించాడు, జెండాలు కట్టించాడు. అడుగు జోలికే పోలేదు.

మధ్యాహ్నానికి ఆటు వచ్చింది. సముద్రం వెనక్కి తగ్గింది. రంగుల పడవ ఇసుకలో పక్కకి ఒరిగింది. సింగన్న కుండని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. దండపాణి కర్ర ఎత్తాడు.

“ఆగండయ్యగారూ!”

అచ్చమ్మ పడవ దగ్గరికి పరిగెత్తి, అడుగు నుంచి రెండు చేతులా పీకి, జానెడు పొడుగు పచ్చటి నాచు తెచ్చి రాజు ముందు పడేసింది.

“తాత కుండలో వచ్చింది పోగు ప్రభూ. అయ్యగారి పడవకి ఏకంగా గడ్డమే మొలిచింది!”

రేవు రేవంతా గొల్లున నవ్వింది. దండపాణి ఎత్తిన కర్ర దించేశాడు. “అది... అది ఉప్పునీటి నాచు ప్రభూ! మన చెరువులో ఒక్కరోజు బతకదు!”

“బతుకుతుందా చస్తుందా అని చట్టం అడగదుగా అయ్యగారూ?”

రాజు నవ్వు ఆపుకుంటూ అడిగాడు. “ఊరు వదిలితే ఇద్దరూ వదలాలి. ఏం దండపాణీ, మూట కట్టుకుంటావా?”

“ప్రభూ! నాచుని కూడా నలభై రోజులు విడిగా ఉంచి చూస్తే... సరిపోదంటారా?”

“భేష్! న్యాయమైన దారి నీ నోటితోనే వచ్చింది!” రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చట్టం అక్కడికక్కడే మారింది. సింగన్న కుండ విడి తొట్టికి చేరింది. దండపాణి చేతికి గీకుడు చిప్ప వచ్చింది, అచ్చమ్మ గాట్ల చేతికి కంకణం వచ్చింది.

ఇంతసేపూ మీరూ జెండాలే చూశారుగా? మరి మీ పడవ అడుగు చూసుకుని ఎన్నాళ్ళైంది?