మూత తీయని పాతర

"స్వామీ, గేటు దగ్గర ఒకామె నన్ను పందికొక్కు అంది. ఆ మాట నాకెలా తగుతుంది?"

అని శిష్యుడు చెన్నబసయ్య మఠాధిపతి సిద్ధలింగస్వామిని అడిగాడు. ఆ ఏడు వానల్లేవు. మఠం గేటు ముందు ఊరి జనం పొద్దున్నుంచీ ఆకలితో కూర్చుని ఉన్నారు. లోపల, ధాన్యం దాచడానికి భూమిలో తవ్విన నేలపాతర నిండా జొన్నలు. దాని పెత్తనం చెన్నబసయ్యది. పాతర మూత తీస్తే గాలి తగిలి గింజ చెడుతుంది. ఉన్నదంతా అప్పుడే తోడేసి పంచాలి. అందుకే అతను తీయనన్నాడు. జనంలోంచి ఒక ముసలమ్మ అతన్ని పందికొక్కు అనేసింది.

"పందిలాంటి మూతితో, పందిలా గురగురమంటూ నేల తవ్వే ఎలుక కాబట్టి దానికా పేరు," అన్నాడు చెన్నబసయ్య. "ఊరి పంట బొక్కలో నింపుతుంది కాబట్టి దాచేవాళ్ళకీ అదే తిట్టు. అంతవరకూ నాకూ తెలుసు. కానీ నేను ఒంటిపూట తిని మఠం కోసం కాపాడుతున్నాను గదా!"

"పద నాయనా," అన్నాడు స్వామి.

వాళ్ళిద్దరూ చేలవైపు వెళ్ళేసరికి గట్టు మీద సుంకన్న, అతని భార్య ఈరమ్మ ఒక పందికొక్కు బొక్క ముందు కూర్చున్నారు. బొక్కలో దొరికిన గింజ తవ్వినవాడిదే, అది అక్కడి ఆచారం. సుంకన్న పిడకలు రాజేసిన కుండతో లోపలికి పొగ ఊదుతున్నాడు. ఉన్నట్టుండి ఈరమ్మ గట్టు అవతల పొగ లేవడం చూసింది.

"ఎనక బొక్క మూయలేదే నువ్వు? కొక్కు పాయె, పిల్లోల్ల కూరా పాయె. ఊదు, ఇంకా ఊదు, నీ ఊపిరన్నా మిగల్చొద్దు."

"ఆకలికి మతి యాడుంటాదే," అంటూ సుంకన్న పార అందుకున్నాడు.

ఎంత తవ్వినా మట్టే. ఈరమ్మ సంచి పట్టుకుని బొక్కలోకి వంగి చూస్తోంది. చివరికి పార మెత్తగా దిగింది. లోపల కంకుల కుప్ప. కుప్ప మీద నాలుగు కాళ్ళూ చాపి పందికొక్కు చచ్చిపడుంది.

సుంకన్న దాన్ని తోక పట్టి పైకెత్తి స్వామికి చూపించాడు. "పోయేదానికి దోవ ఉండె సామీ. ఇడ్సిపెట్టి పోలేకపాయె."

ఈరమ్మ సంచి నింపుకుంటూంటే చెన్నబసయ్య మఠం వైపు నడిచాడు.

గురుశిష్యులు తిరిగొచ్చేసరికి గేటు ముందు జనం లేచి నిలబడి ఉన్నారు. ఎవరూ దారి ఇవ్వలేదు. ముందున్న ఒకతని చేతిలో గడ్డపార. చెన్నబసయ్య అతని ముందు ఆగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇటియ్యప్పా. ఎక్కడ పొడవాలో నాకు తెలుసు," అని చెన్నబసయ్య గడ్డపార అందుకుని గేటు తెరిచాడు. జనం అతని వెనకే పాతర దాకా వచ్చారు. మూత సందులో మొన పెట్టాక మాత్రం అతని చెయ్యి ఆగిపోయింది.

"ఇది ఖాళీ అయితే రేపు మన గతేమిటి స్వామీ?"

స్వామి చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు.

"రేపు భిక్షకి వెళ్దాం నాయనా. వీళ్ళ గుడిసెలకి తలుపుల్లేవు."