మోకు దాటినవాడు

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు ఓర్సు నాగులు. బావులు తవ్వే అంకులు మేస్త్రి కొడుకు. చనిపోయిన బాబాయి పేరు పెట్టుకున్నవాడు, అబద్ధం చెప్పడు. ఆయన చెప్పినట్టే చెబుతున్నాను, ఒక్క మాట కలపలేదు.

చెన్నలింగయ్య గురువుగారు పల్నాటి మెట్టలో జమ్ము చాపలు అల్లుకుని బతికేవారు. ఆయన ఇంట్లో విగ్రహం లేదు, విభూతి లేదు. ఎవరైనా వర్జ్యం, రాహుకాలం అంటే నవ్వి, "కాలానికి మన ఊసే పట్టదు నాయనా" అనేవారు. శిష్యుల్లో సింగరయ్యకి ఆ మాట బాగా పట్టింది. కొంచెం ఎక్కువే పట్టింది.

ఒక ఏడు వానలు లేక సింగరయ్య చేను ఎండిపోయింది. కండబలం గల మనిషి. అతని భుజాలు చూసి అంకులు మేస్త్రి బావి పనిలోకి తీసుకున్నాడు. మోకు అప్పజెప్పాడు.

బావిలోకి దిగేవాడు తొట్టిలో కూచుంటాడు. ఆ తొట్టికి కట్టిన లావుపాటి తాడే మోకు. అది గిలక మీదుగా వచ్చి, నేల మీద బారుగా సాగి, అవతల పాతిన రాతి గుంజకి చుట్టుకుంటుంది. గుంజ దగ్గర నిలబడి వదలడం, లాగడం సింగరయ్య పని. దిగినవాడి ప్రాణం అతని చేతిలో ఉన్నట్టే.

ఆ పనివాళ్ళకి కట్టుబాట్లు చాలా ఉన్నాయి. దిగే ముందు మోకుని కళ్ళకద్దుకోవాలి. ఎవరైనా తుమ్మితే కూచుని, నీళ్ళు తాగి లేవాలి. "పోతున్నా" అనకూడదు, "దిగొస్తా" అనాలి. అన్నిటికన్నా ముఖ్యం, పరిచి ఉన్న మోకుని దాటకూడదు. అవతలికి పోవాలంటే గుంజ వెనక తవ్విపోసిన రాళ్ళగుట్ట చుట్టూ తిరిగి పోవాల్సిందే.

సింగరయ్య మొదటి రోజే దాటాడు.

"ఓరి నాయనో, దాటావేంది బావా!" అని ఒకడు గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"తాడే గదా, తాచుపామా?"

"మీ గురువు దాటమన్నాడా?"

"మా గురువు కళ్ళు తెరిపించాడు. మీ కళ్ళు తాడు అద్దుకోవడానికే సరిపోయె."

అక్కణ్ణించి రోజూ కావాలనే దాటేవాడు. తుమ్ము రాకపోయినా తుమ్మేవాడు. దిగబోయినవాడు తొట్టిలోంచి లేచి, నీళ్ళ ముంత కోసం చూస్తుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

అంకులు ఓర్చుకుని ఓర్చుకుని, ఒకనాడు పక్కకి పిలిచాడు.

"సింగరయ్యా, నీ పనికి వంక పెట్టను. మోకు మాత్రం దాటబాక. నా తమ్ముడు అట్టా దాటిన రోజే బావిలో పోయాడు."

"దాటినందుకు పోలేదు మేస్త్రీ. మోకు చివికినందుకు పోయాడు. చూసుకోవాల్సింది నువ్వు."

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అంకులు ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

ఆ మాట విన్న పనివాళ్ళు మర్నాడు ఒక్కరూ తొట్టిలో కూచోలేదు. "ఈయన పట్టిన మోకు మీద మేం దిగం" అన్నారు. పొద్దు గుంకేదాకా పని ఆగిపోయింది. చివరికి అంకులు, "రేపు ఒక్కడైనా నీ చేతి మీద దిగితే సరి. లేదంటే నువ్వు వేరే పని చూసుకో" అన్నాడు.

ఇంట్లో జొన్నలు కుండ అడుగుకి వచ్చాయి. ఆ చుట్టుపక్కల మరో పని లేదు. సింగరయ్య నేరుగా గురువుగారి గుడిసెకి పోయాడు.

"గురువుగారూ, మీరు చెప్పిందే చేశాను. నా నోటికాడ కూడు పోయేట్టుంది. ఈ మూఢులతో కలిసి పని చేసేది ఎట్టాగండీ?"

గురువుగారు అల్లుతున్న చాప అంచు మడిచి, "పొద్దున నేనూ వస్తా" అన్నారు. అంతే.

తెల్లవారి ఇద్దరూ బావి దగ్గరికి పోయారు. మోకు దారికి అడ్డంగా పరిచి ఉంది. సింగరయ్య ఎప్పటిలాగే దాటి, "ఇటు రండి, ఇది దగ్గర" అన్నాడు. గురువుగారు కర్ర పొడుచుకుంటూ, మోకాళ్ళ నొప్పులతో, ఆ రాళ్ళగుట్ట చుట్టూ తిరిగి నిదానంగా వచ్చారు. పనివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సింగరయ్య చెవులు వేడెక్కాయి.

"నువ్వెప్పుడైనా లోపలికి దిగావట్రా?" అని అడిగారు గురువుగారు.

"లేదండీ. నా పని పైన."

"అంకులూ, మావాణ్ణి ఒకసారి దించు. సగంలో ఆపు."

అంకులు మోకు పట్టాడు. సింగరయ్య మీసం సవరించుకుని తొట్టిలో కూచున్నాడు.

కొంచెం దిగేసరికి వెలుగు తగ్గింది. పైన ఆకాశం పళ్ళెమంత అయింది, తరవాత గిన్నెంత అయింది. తొట్టి ఆగింది. ఆగి, తనంతట తాను మెల్లగా తిరగడం మొదలెట్టింది. తడిరాయి వాసన. కింద ఎక్కడో నీటిబొట్టు పడ్డ చప్పుడు. పైన గిలక కిర్రుమంది. మోకు కొత్తదని అతనికి తెలుసు, పురి పురి తడిమి చూసినవాడు తనే. అంకులు చెయ్యి ఎంత గట్టిదో కూడా తెలుసు. కానీ మొన్న ఆ అంకులుతో తానన్న మాట గుర్తొచ్చింది. గిలక మళ్ళీ కిర్రుమంది.  నోరు దానంతటదే తెరుచుకుంది.

"గురువుగారూ! గురువుగారూ!"

పైకి లాగారు. గట్టు మీద కూలబడినవాడి పక్కన గురువుగారు కూచున్నారు.

"మోకు పాతదా?"

"కాదండీ. కొత్తది."

"అంకులు చేతిలో బలం లేదా?"

"ఉందండీ."

"మోకు పట్టింది అంకులు. నువ్వు పిలిచింది నన్ను. పిలిచినందుకు మోకుకి ఒక పురి ఎక్కువ పడిందా నాయనా?"

 పనివాళ్ళలో ఒకడు నవ్వబోయాడు, అంకులు వాడికేసి చూశాడు, వాడు నోరు మూసుకున్నాడు. గురువుగారు కర్ర అందుకుని, వచ్చినట్టే గుట్ట చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు.

కాసేపటికి సింగరయ్య లేచాడు. మోకు దగ్గరిదాకా వచ్చి ఆగాడు. వెనక్కి తిరిగి, గుట్ట చుట్టూ నడిచి, అంకులు ఎదుట నిలబడ్డాడు.

"అన్నా, మీ తమ్ముడి పేరేంది?"

అంకులు గుంజ దగ్గరి మోకు అందుకున్నాడు.

"నాగులు."

ఆ మాట చెప్పి మోకు సింగరయ్య చేతిలో పెట్టాడు. పోయి తానే తొట్టిలో కూచున్నాడు. మోకుని కళ్ళకద్దుకుని, "దిగొస్తా" అన్నాడు.

"దిగిరా అన్నా" అన్నాడు సింగరయ్య.

జరిగింది ఇదీ. ఇప్పుడు గురువుగారి ఆరాధన రోజున హరికథ చెప్పే ఆయన, మోకు తెగిందనీ, గురువుగారు చెయ్యి చాపితే తొట్టి గాల్లో నిలిచిందనీ చెబుతున్నాడు. గురువుగారి పేరు మీద వెలిసిన మఠం గోడ మీద రంగుల బొమ్మ కూడా వేయించారు. దాని కింద రాసింది నేను కూడబలుక్కుని చదివి, తప్పని ఆ హరికథ ఆయనకి చెబితే, "చదువు రానోడివి, నీకెందుకు తాతా" అన్నాడు. ఆ మాట కట్టెలో కాలేదాకా మరువను. చదువొచ్చినవాళ్ళు ఎవరైనా పోయి ఆ బొమ్మ చెరిపించండి, ఉన్నది ఉన్నట్టు రాయించండి. మోకు తెగలేదు. అంకులు పట్టుకుని ఉన్నాడు.